ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క నిమిషం

రాత్రి పదకొండున్నర. పొద్దున్న తొమ్మిదింటికి మినీ ప్రాజెక్ట్ ఫైనల్ రివ్యూ. ల్యాబ్‌లో ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయిన ల్యాప్‌టాప్‌ని రూమ్‌కి తెచ్చి, ఛార్జర్ పెట్టి, పవర్ బటన్ నొక్కా. విండోస్, ఉబుంటు రెండూ ఉన్న మెషీన్ కాబట్టి ఎప్పటిలాగే మెనూ వచ్చింది. ఉబుంటు మీద ఎంటర్ కొట్టా. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా పైకి జరిగి ఒక్కసారిగా ఆగిపోయాయి. క్యాప్స్ లాక్ లైటు మిణుకు మిణుకుమంటోంది. ఏ కీ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. చివరి లైన్లలో ఒకటి ఇలా ఉంది:

"కెర్నెల్ ప్యానిక్ - నాట్ సింకింగ్: వీఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్ బ్లాక్ (0,0)"

"ఏముంది మామా, ఉబుంటు పోయింది. పెన్‌డ్రైవ్ ఉంది కదా, ఫార్మాట్ కొట్టేద్దాం. అరగంటలో కొత్తది ఎక్కిపోద్ది" అన్నాడు రూమ్మేట్. వాడి తప్పేం లేదు. మన హాస్టల్లో ఏ ల్యాప్‌టాప్‌కి ఏ రోగమొచ్చినా అందరం చెప్పే మందు అదే.

కానీ ఆ ల్యాప్‌టాప్‌లో మా నలుగురి ప్రాజెక్ట్ ఉంది. మా బ్యాచ్‌లో గుంటూరు వైపు నుంచి వచ్చిన మిత్రుడి వాళ్ళ మిరప తోటలో సెన్సార్లు పెట్టి, నేలలో తేమ ఎంతుందో అరగంటకోసారి నమోదు చేశాం. 47 రోజులు. అంటే రెండు వేల రెండు వందల పైచిలుకు రీడింగులు. కోడ్ అంతా గిట్‌హబ్‌లో ఉంది గానీ, "సైజు ఎక్కువ, తర్వాత చూద్దాం" అని డేటా ఫోల్డర్‌ని వదిలేసింది నేనే. సెన్సార్ మెమరీ కార్డు ఎప్పుడో ఖాళీ చేసి వేరే పనికి వాడేశాం.

ఆ మిత్రుడు తెర వైపు చూసి మెల్లగా అన్నాడు: "నాన్న మొక్కలు పీకించేశాడు రా. మళ్ళీ తీయడం కుదరదు."

రూమ్మేట్ చేతిలోని పెన్‌డ్రైవ్ పక్కన పెట్టించి, పోయినేడు పాసవుట్ అయిన సీనియర్‌కి ఫోన్ చేశా. ఆయన హలో కూడా అనకుండా అడిగిన మొదటి మాట: "స్క్రీన్ మీద ఏముందో చదువు తమ్ముడూ. మొత్తం చదువు." చదివా. "ఓహో, డిస్క్ దాకా వచ్చి తలుపు దగ్గర ఆగిపోయింది. నీ డేటాకి ఏం కాలేదు. ముందు మంచినీళ్ళు తాగు" అన్నాడు.

తర్వాతి గంటన్నరలో ఆయన ఫోన్‌లో చెప్పింది, ఆ తర్వాత నేను చదువుకుని సరిచూసుకున్నది కలిపి ఈ పాఠం. మొత్తం పాఠం ఒక్క మాటలో చెప్పాలంటే: కెర్నెల్ అప్‌గ్రేడ్ తర్వాత సిస్టమ్ లేవకపోతే ఫార్మాట్ కొట్టకండి, ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడండి.

బూట్ అంటే ఒక మెట్ల వరస

పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి డెస్క్‌టాప్ కనిపించే దాకా ఒకరి తర్వాత ఒకరు పని అందుకుంటారు.

మొదటి మెట్టు ఫర్మ్‌వేర్. బయోస్ అని పిలుస్తాం, ఇప్పటి మెషీన్లలో ఉండేది యూఈఎఫ్ఐ. ర్యామ్, కీబోర్డ్, డిస్క్ ఉన్నాయో లేదో చూసుకుని, తర్వాతి వాడిని లేపుతుంది. కంపెనీ లోగో కనిపించేది ఇక్కడే.

రెండో మెట్టు గ్రబ్. ఇది బూట్‌లోడర్. బస్టాండ్‌లో ఎంక్వైరీ కౌంటర్ లాంటిది: ఏ బండి ఎక్కాలో అడుగుతుంది, అందులో ఎక్కిస్తుంది, దాని పని అంతే. మనం చెప్పిన కెర్నెల్‌ని డిస్క్ మీద నుంచి మెమరీలోకి తెచ్చి పెడుతుంది.

మూడో మెట్టు కెర్నెల్. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ హెల్సింకీలో విద్యార్థిగా ఉండగా రాయడం మొదలుపెట్టింది దీన్నే. హార్డ్‌వేర్‌కీ, మనం వాడే ప్రోగ్రాములకీ మధ్య నిలబడే పెద్దమనిషి. ఉబుంటులో "బూట్" అనే ఫోల్డర్ తెరిస్తే "వీఎంలినజ్" అని మొదలయ్యే ఫైలు కనిపిస్తుంది. అదే కెర్నెల్. చివరి జెడ్ అక్షరం అది కుదించిన ఫైలు అని చెప్పే గుర్తు.

నాలుగో మెట్టు దగ్గర అసలు చిక్కుంది. కెర్నెల్ లేచింది సరే, ఇప్పుడు మన ఫైళ్ళన్నీ ఉన్న రూట్ పార్టిషన్‌ని తెరవాలి. దాన్ని తెరవడానికి డిస్క్ డ్రైవర్లు, ఫైల్ సిస్టమ్ మాడ్యూళ్ళు కావాలి. అవి ఎక్కడున్నాయి? ఆ రూట్ పార్టిషన్‌లోనే! బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి మూసేసినట్టు.

దీనికి లైనక్స్ వాళ్ళు కనిపెట్టిన ఉపాయం మన ఇళ్ళలో చేసేదే. రెండో తాళంచెవి పక్కింటి పిన్ని దగ్గర పెడతాం చూడండి, అలాగన్నమాట. ఆ రెండో తాళంచెవి పేరు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్. డిస్క్ తెరవడానికి కావలసిన డ్రైవర్లు, కొన్ని చిన్న పనిముట్లు కలిపి కట్టిన మూట. బూట్ ఫోల్డర్‌లో "ఇనిట్‌ఆర్‌డీ.ఇమేజ్" అని మొదలయ్యే ఫైలు ఇదే. గ్రబ్ కెర్నెల్‌తో పాటు దీన్ని కూడా మెమరీలోకి తెస్తుంది. కెర్నెల్ ఆ మూట విప్పి, డ్రైవర్లు తీసుకుని, రూట్ పార్టిషన్ తలుపు తెరుస్తుంది.

ఐదో మెట్టు సిస్టమ్‌డీ. మొదటి ప్రాసెస్ ఇదే, నంబర్ 1. నెట్‌వర్క్, బ్లూటూత్, మిగతా పార్టిషన్లు, అన్నిటినీ ఇది లేపుతుంది. ఆరో మెట్టు లాగిన్ తెర, గ్రాఫిక్స్, డెస్క్‌టాప్.

ఇప్పుడు నా తెర మీది లైన్ మళ్ళీ చదవండి. "రూట్ ఫైల్ సిస్టమ్‌ని మౌంట్ చేయలేకపోయా, ఏ డిస్కో తెలియట్లేదు" అంటోంది. అంటే మూడో మెట్టు దాకా వచ్చింది, నాలుగో మెట్టు మీద తాళంచెవి దొరకలేదు. అన్న ఫోన్‌లో లైన్ వినగానే చెప్పేసింది ఇందుకే.

ఇంకో మాట. ఆ లైన్‌లో "నాట్ సింకింగ్" అని ఉంది కదా, దాని అర్థం తెలిశాక నాకు కెర్నెల్ మీద గౌరవం పెరిగింది. "నా మీద నాకే నమ్మకం లేని స్థితిలో ఉన్నా, కాబట్టి మెమరీలో ఉన్నదేదీ డిస్క్ మీద రాయను" అని చెప్పి ఆగిపోవడం అది. ప్యానిక్ అంటే మనం భయపడాల్సిన మాటలా ఉంటుంది గానీ, చెడ్డ రాతలు డిస్క్ మీద పడకుండా తన చేతులు తానే కట్టేసుకుంటోంది. ఫార్మాట్ కొట్టడానికి సిద్ధమైంది మేము.

పాత కెర్నెల్ ఎక్కడికీ పోదు

మామూలు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే పాతది పోయి కొత్తది వస్తుంది. కెర్నెల్ విషయంలో ఉబుంటు అలా చేయదు. కొత్తది పక్కన చేరుతుంది, పాతది అలాగే ఉంటుంది. కొత్త కెర్నెల్ ఎవరి మెషీన్ మీద ఎలా నడుస్తుందో ముందుగా చెప్పలేం కాబట్టి ఈ జాగ్రత్త. చాలామందికి ఈ ఒక్క ముక్క తెలియక ఫార్మాట్ కొట్టేస్తున్నాం.

పాత కెర్నెల్‌తో లేపడం ఇలా:

మొదట గ్రబ్ మెనూ కనిపించాలి. రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉంటే మామూలుగా దానంతట అదే వస్తుంది. ఉబుంటు ఒక్కటే ఉంటే మెనూ దాక్కుని ఉంటుంది. పవర్ ఆన్ చేసి, కంపెనీ లోగో కనిపించగానే యూఈఎఫ్ఐ మెషీన్లలో ఎస్కేప్ కీ నొక్కాలి. పాత బయోస్ మెషీన్లలో షిఫ్ట్ కీ పట్టుకోవాలి. కంగారులో ఎస్కేప్ ఎక్కువసార్లు నొక్కితే మెనూ బదులు "గ్రబ్>" అని ఒక ప్రాంప్ట్ వస్తుంది. భయపడకండి, "రీబూట్" అని కొట్టి మళ్ళీ ప్రయత్నించండి.

మెనూలో రెండో లైన్ "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఫర్ ఉబుంటు". దాన్ని తెరిస్తే మెషీన్‌లో ఉన్న కెర్నెళ్ళన్నీ వరసగా కనిపిస్తాయి. ఒక్కోదానికీ పక్కనే "రికవరీ మోడ్" అని ఇంకోటి ఉంటుంది. పైనున్నది కొత్తది. దాని కింద ఉన్న పాత నంబర్‌ని, రికవరీ లేని మామూలు దాన్నే ఎంచుకుని ఎంటర్ కొట్టండి.

నా జాబితాలో నాలుగున్నాయి: 6.5.0-28, 6.5.0-27, 6.5.0-26, 6.5.0-25. ఇందులో 6.5 అనేది అసలు లైనక్స్ కెర్నెల్ వెర్షన్, చివరి నంబర్ ఉబుంటు వాళ్ళు తమ మార్పులతో విడుదల చేసిన వరస. 27 మీద ఎంటర్ కొట్టా. రూమ్‌లో ఎవరూ మాట్లాడలేదు. పది సెకన్లు, పదిహేను సెకన్లు. ఊదా రంగు లాగిన్ తెర వచ్చింది.

"ఇప్పుడు ఏం ముట్టుకోకు. ముందు నీ డేటా కాపీ చెయ్" అన్నాడు అన్న. రూమ్మేట్ తెచ్చిన అదే పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ, డ్రైవ్‌లోకి ఒక కాపీ, గుంటూరు మిత్రుడి ల్యాప్‌టాప్‌లోకి ఒక కాపీ. అప్పుడు గానీ వాడు కుర్చీలో వెనక్కి వాలలేదు.

పాత కెర్నెల్ కూడా లేవకపోతే? అప్పుడు కూడా ఫార్మాట్ కాదు. ఉబుంటు ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, "ఇన్‌స్టాల్" కాకుండా "ట్రై ఉబుంటు" ఎంచుకోండి. పెన్‌డ్రైవ్ మీదే సిస్టమ్ నడుస్తుంది, మీ డిస్క్‌ని ఒక ఫోల్డర్‌లా తెరిచి ఫైళ్ళు కాపీ చేసుకోవచ్చు. డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసుంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, అంతే తేడా. ముందు డేటా, తర్వాత రిపేరు. ఈ వరస ఎప్పుడూ మార్చకండి.

అసలు జరిగిందేంటి

సిస్టమ్ లేచాక అన్న కారణం వెతికించాడు. కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నా. మీరు టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి. గీతలు, ఖాళీలు ఇక్కడ ఎలా ఉన్నాయో అలాగే ఉంచాలి.

మొదటిది, ఇప్పుడు ఏ కెర్నెల్ మీద నడుస్తున్నాం?

"యూనేమ్ -ఆర్"

6.5.0-27-జెనరిక్ అని వచ్చింది. ఈ నంబర్ కాగితం మీద రాసుకోమన్నాడు. ప్రస్తుతం మనం కూర్చున్న కొమ్మ ఇదే, పొరపాటున నరుక్కోకూడదు.

రెండోది, బూట్ పార్టిషన్‌లో చోటెంతుంది?

"డీఎఫ్ -హెచ్ /బూట్"

వాడకం 100 శాతం. దొంగ దొరికాడు.

నేను ఉబుంటు ఎక్కించినప్పుడు ఏదో వీడియో చూసి, బూట్ కోసం విడిగా 512 ఎంబీ పార్టిషన్ ఇచ్చా. నా మెషీన్‌లో ఒక్కో కెర్నెల్, దాని మూట, మిగతా చిన్న ఫైళ్ళు కలిపి సుమారు 140 ఎంబీ తీసుకుంటున్నాయి. మూడు సెట్లు పడతాయి. నాలుగోది పట్టదు. మూడు రోజుల క్రితం అప్‌గ్రేడ్ చేసినప్పుడు నాలుగో కెర్నెల్ ఫైలు చిన్నది కాబట్టి ఎలాగో దూరింది. దాని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ పెద్దది కాబట్టి మధ్యలోనే ఆగిపోయింది. "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని టెర్మినల్‌లో ఎర్రర్ వచ్చే ఉంటుంది. నేను చదవలేదు. క్లాసుకి టైమైందని విండో మూసేశా.

అక్కడితో ఆగానా? మరుసటి రోజు గ్రబ్ మెనూ ఎక్కువసేపు ఆగుతోందని, ఆ టైమ్ తగ్గించి "అప్‌డేట్-గ్రబ్" నడిపా. అది బూట్ ఫోల్డర్‌లో ఉన్న కెర్నెళ్ళను వెతికి మెనూ రాసే ప్రోగ్రాము. కెర్నెల్ ఉండి మూట లేకపోయినా జాబితాలోకి ఎక్కించేస్తుంది. కొత్తది కాబట్టి పైన కూర్చోబెట్టింది. అంటే తాళంచెవి లేని వాడినే మొదటి వరసలో నిలబెట్టింది.

మరి మూడు రోజులు ఎలా నడిచింది? మనం ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేస్తామా? మూత మూస్తాం, తెరుస్తాం. అప్‌గ్రేడ్ అయిన కెర్నెల్ రీబూట్ చేస్తే గానీ పనిలోకి రాదు. ల్యాబ్‌లో ఛార్జింగ్ అయిపోయే దాకా నేను పాత 27 మీదే తిరుగుతున్నా. తప్పు జరిగింది సోమవారం, బయటపడింది గురువారం రాత్రి. అందుకే "ఇవాళ నేనేం చేయలేదే" అని మనకి అనిపిస్తుంది. సిస్టమ్ లేవకపోతే ఇవాళ ఏం చేశానని కాకుండా, కిందటిసారి రీబూట్ చేసిన తర్వాత ఏమేం చేశానని గుర్తు చేసుకోవాలి.

ఇక రిపేరు. ముందు చోటు చేయాలి:

"సుడో ఏపీటీ ఆటోరిమూవ్"

అవసరం తీరిన పాత కెర్నెళ్ళను ఇది తీసేస్తుంది. ఇప్పుడు నడుస్తున్న దాన్ని, కొత్త వాటిని వదిలేస్తుంది. వై కొట్టే ముందు ఏం తీసేస్తోందో జాబితా చదవండి, మీరు రాసుకున్న నంబర్ అందులో ఉండకూడదు. నాకు 25, 26 పోయాయి.

కొంతమంది నేరుగా బూట్ ఫోల్డర్‌లోకి వెళ్ళి ఫైళ్ళు డిలీట్ చేస్తారు. అది వద్దు. ఫైలు పోతుంది గానీ ప్యాకేజీల లెక్కలో అది ఉన్నట్టే ఉంటుంది, తర్వాత ఇంకో చిక్కు.

చోటు దొరికాక, మధ్యలో ఆగిన ఇన్‌స్టాలేషన్ పూర్తి చేయాలి:

"సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ"

ఇది సగంలో ఆగిన పనులన్నీ ముగిస్తుంది. కొత్త కెర్నెల్‌కి మూట కూడా ఇక్కడే తయారవ్వాలి. అయిందో లేదో చూద్దాం:

"ఎల్ఎస్ -ఎల్‌హెచ్ /బూట్"

ప్రతి వీఎంలినజ్‌కీ అదే నంబర్‌తో ఒక ఇనిట్‌ఆర్‌డీ ఉండాలి. జత కుదరని కెర్నెల్ ఉంటే ఆ మూటని చేత్తో తయారు చేయొచ్చు:

"సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -సీ -కే 6.5.0-28-జెనరిక్"

చివరగా మెనూ తాజా చేయడం:

"సుడో అప్‌డేట్-గ్రబ్"

ఇది నడుస్తున్నప్పుడు ఏ కెర్నెల్‌కి ఏ మూట దొరికిందో వరసగా చూపిస్తుంది. ఈసారి ప్రతి లైనూ చదివా. రీబూట్ చేశా. 28 మీద లేచింది. టైమ్ ఒంటిగంట దాటింది.

మీ తెర మీద వేరేది కనిపిస్తే

అందరికీ నా సమస్యే రాదు. మిగతా మెట్ల దగ్గర ఆగితే తెర వేరేలా ఉంటుంది. ఎక్కువగా కనిపించేవి మూడు.

ఒకటి: నల్ల తెర, అంతే. లోగో వచ్చి పోతుంది, తర్వాత చీకటి. ఫ్యాన్ తిరుగుతుంటుంది. ఇది చాలాసార్లు ఆరో మెట్టు, అంటే గ్రాఫిక్స్. ఎన్విడియా కార్డున్న ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ. కారణం ఏంటంటే, కెర్నెల్‌తో పాటు రాని డ్రైవర్ మాడ్యూళ్ళు ఏ కెర్నెల్‌కి ఆ కెర్నెల్‌కి విడిగా తయారవ్వాలి. 27 కోసం కుట్టిన చొక్కా 28కి పట్టదు. ఈ కుట్టుపనిని దానంతట అదే చేసే ఏర్పాటు పేరు డీకేఎమ్ఎస్. అది ఫెయిలైతే కొత్త కెర్నెల్‌కి గ్రాఫిక్స్ డ్రైవర్ ఉండదు. కొన్ని వైఫై చిప్‌లకీ, వర్చువల్‌బాక్స్‌కీ ఇదే కథ.

ముందు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి చూడండి. అక్షరాల లాగిన్ వస్తే సిస్టమ్ బతికే ఉంది, బొమ్మ మాత్రమే లేదు. రాకపోతే గ్రబ్ మెనూలో ఉబుంటు మీద నిలబడి "ఈ" కీ నొక్కండి. "లైనక్స్" అని మొదలయ్యే లైన్ చివర "క్వయట్ స్ప్లాష్" అని ఉంటుంది. దాన్ని తీసేసి "నోమోడ్‌సెట్" అని రాసి, ఎఫ్10 నొక్కండి. గ్రాఫిక్స్ హంగులు లేకుండా మామూలు తెరతో లేస్తుంది. ఈ మార్పు ఆ ఒక్కసారికే, కాబట్టి తప్పు రాసినా నష్టం లేదు. "క్వయట్ స్ప్లాష్" తీసేస్తే ఇంకో లాభం, లోగో చాటున జరిగేదంతా తెర మీద కనిపిస్తుంది. ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

లేచాక "డీకేఎమ్ఎస్ స్టేటస్" కొడితే ఏ మాడ్యూల్ ఏ కెర్నెల్‌కి తయారైందో చూపిస్తుంది. కొత్త నంబర్ లేకపోతే ఆ కెర్నెల్ హెడర్స్ ప్యాకేజీ ఉందో లేదో చూసి, డ్రైవర్‌ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలి. ఇక్కడ సెక్యూర్ బూట్ అనే మెలిక ఉంది. అది ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ని కెర్నెల్ లోపలికి రానివ్వదు. డ్రైవర్ ఎక్కించేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, తర్వాతి రీబూట్‌లో నీలం తెర మీద "ఎన్‌రోల్ ఎమ్‌ఓకే" అని అడుగుతుంది. మనం ఆ నీలం తెర చూసి కంగారుపడి "కంటిన్యూ బూట్" కొట్టేస్తాం. సంతకం నమోదు కాదు, డ్రైవర్ పనిచేయదు. ఈసారి వస్తే ఎన్‌రోల్ ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వండి.

రెండు: "(ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్)" అనే ప్రాంప్ట్. అంటే మూట దొరికింది, కెర్నెల్ దాన్ని విప్పింది, అయినా రూట్ తలుపు తెరుచుకోలేదు. "ఎగ్జిట్" అని కొట్టండి, చాలాసార్లు కారణం చెబుతుంది. ఫలానా పార్టిషన్‌కి మాన్యువల్‌గా ఎఫ్ఎస్‌సీకే చేయాలి అని ఉంటే, పవర్ మధ్యలో పోవడం లాంటి వాటి వల్ల ఫైల్ సిస్టమ్ లెక్కలు తప్పాయని అర్థం. "ఎఫ్ఎస్‌సీకే -వై" తర్వాత ఖాళీ ఇచ్చి, అది చెప్పిన పార్టిషన్ పేరు రాసి ఎంటర్ కొట్టండి. అయ్యాక "రీబూట్". ఇదే సమస్య వారంలో రెండుసార్లు వచ్చిందంటే డిస్క్ ముసలిదవుతోందని అనుమానించి, ముందు డేటా బయటకు తీయండి.

అలా కాకుండా ఫలానా యూయూఐడీ ఉన్న డిస్క్ లేదు అని చెబితే, డిస్క్ కనిపించడం లేదన్నమాట. పాత కెర్నెల్‌తో లేస్తే మూట సరిగ్గా తయారవ్వలేదు, దాన్ని మళ్ళీ తయారు చేయాలి. ఏ కెర్నెల్‌తోనూ లేవకపోతే బయోస్‌లోకి వెళ్ళి అసలు డిస్క్ కనిపిస్తోందా, స్టోరేజ్ మోడ్ ఎవరైనా మార్చారా చూడాలి.

మూడు: "యూ ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్". పేరు చూసి అంబులెన్స్ పిలవాలనిపిస్తుంది గానీ, ఇది ఐదో మెట్టు. రూట్ తెరుచుకుంది, సిస్టమ్‌డీ లేచింది, అది తెరవాల్సిన ఇంకేదో పార్టిషన్ దొరకలేదు. "జర్నల్‌సీటీఎల్ -ఎక్స్‌బీ" కొట్టి ఎర్రటి లైన్లు చదవండి. ఎక్కువగా దొరికే దోషి "/ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్" ఫైలు. ఎప్పుడో తగిలించిన పాత హార్డ్‌డిస్క్ పేరు అందులో ఉండిపోతుంది, డిస్క్ ఇప్పుడు ఉండదు. ఆ లైన్ ముందు హ్యాష్ గుర్తు పెట్టి సేవ్ చేస్తే చాలు. ఇక్కడ కూడా నేరం కెర్నెల్‌ది కాదు. అప్‌గ్రేడ్ వల్ల చాలా రోజుల తర్వాత రీబూట్ చేశాం కాబట్టి పాత తప్పు ఇవాళ పట్టుబడింది.

ఇవేవీ కాకుండా కొత్త కెర్నెల్‌లోనే నిజంగా లోపం ఉండి, మీ మెషీన్‌కి అది సరిపడకపోవచ్చు కూడా. అప్పుడు పాత కెర్నెల్ మీదే పని చేసుకుంటూ తర్వాతి అప్‌డేట్ కోసం ఆగడం మర్యాద. కాకపోతే పాతదాన్నే పట్టుకుని నెలల తరబడి వేలాడకండి, కొత్త కెర్నెళ్ళలో సెక్యూరిటీ రిపేర్లు కూడా వస్తుంటాయి.

ఇక మీదట

ఆ రాత్రి తర్వాత నేను పెట్టుకున్న నియమాలు నాలుగే.

రివ్యూ, ఎగ్జామ్, ఇంటర్వ్యూ ముందు వారం అప్‌గ్రేడ్ చేయను. చేస్తే ఖాళీగా ఉన్న ఆదివారం చేస్తా.

అప్‌గ్రేడ్ అయ్యాక చివరి పది లైన్లు చదువుతా. "ఎర్రర్" అనే మాట కనిపిస్తే విండో మూయను. వెంటనే రీబూట్ చేసి చూస్తా. సమస్య ఉంటే నాకు తీరిక ఉన్నప్పుడే బయటపడనీ.

నెలకోసారి ఆటోరిమూవ్. పని చేస్తోందని తెలిసిన పాత కెర్నెల్ ఒకటి ఎప్పుడూ ఉంచుతా.

డేటా కనీసం ఇంకో చోట ఉంటుంది. కోడ్ మళ్ళీ రాయొచ్చు. పీకేసిన మిరప మొక్కల వేళ్ళ దగ్గర తేమ ఎంతుండేదో ఏ కెర్నెలూ చెప్పలేదు.

రివ్యూ బాగానే జరిగింది. గ్రాఫ్‌లో ఒకచోట తేమ ఒక్కసారిగా పెరిగితే "ఇక్కడేంటి?" అని సార్ అడిగారు. గుంటూరు మిత్రుడు ఆలోచించకుండా చెప్పాడు: "ఆ రోజు నాన్న నీళ్ళు పెట్టాడు సార్." ఆ ఒక్క గీత కోసమైనా రాత్రి ఫార్మాట్ కొట్టనందుకు సంతోషపడ్డా.

చివరగా ఒక విన్నపం. ఈ పాఠాన్ని ల్యాప్‌టాప్‌లో సేవ్ చేసుకోకండి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఇది అవసరమైన రోజు మీ ల్యాప్‌టాప్ ఎలాగూ తెరుచుకోదు.